ఉన్నదున్నట్టు

బోర్డు మీద తన పేరు లేదు. డాక్టర్ క్లైవ్ హాల్‌స్టెడ్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. గ్రామర్ స్కూలు హాల్లో ఆ నల్ల బోర్డు నిండా, ఊరి ట్రస్టు ఏటా ఒక్కరికే ఇచ్చే స్కాలర్‌షిప్పు గెలిచినవాళ్ళ పేర్లు బంగారు అక్షరాల్లో మెరుస్తున్నాయి. 1956 ఉంది, 1958 ఉంది. కింది వరసలో, చెయ్యెత్తితే అందేచోట ఉండాల్సిన 1957 పేరు మీద మాత్రం ఎవరో పనిగట్టుకుని నల్లరంగు పూసేశారు.

పక్కనున్న నిచ్చెన మీంచి ఒక ముసలాయన దిగాడు. చేతిలో కుంచె, చెవి వెనక పెన్సిలు.

"వచ్చావా హాల్‌స్టెడ్? నీకోసమే చూస్తున్నాను," అన్నాడు.

ఇంటిపేరు పెట్టి పిలుచుకోవడం ఆ బడి అలవాటు. గొంతు గుర్తుపట్టగానే డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. నార్మన్ క్రాబ్‌ట్రీ. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే వీధి. లాటిన్‌లో క్లాసు మొత్తానికీ మొనగాడు. ఇతను ఎక్కడ ఎదురుపడతాడోనని డాక్టరు యాభై ఏళ్ళుగా పాత విద్యార్థుల విందుని ఏదో ఒక ఆపరేషను సాకు చెప్పి ఎగ్గొడుతూ వచ్చాడు. రిటైరయ్యాక సాకు మిగల్లేదు. పైగా ఈసారి ముఖ్య అతిథి తనే.

"నా పేరు చెరిపింది నువ్వేనా?"

"నేనే. ఈ ఊళ్ళో బోర్డులు రాసేవాణ్ణి నేనొక్కణ్ణేగా మిగిలింది."

ఎందుకని డాక్టరు అడగలేదు. ఎందుకో తనకి తెలుసు.

నార్మన్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. చెవి వెనక పెన్సిలు కూడా తీసి రెండూ డాక్టరు చేతిలో పెట్టాడు.

"నోటితో చెప్పకు. చెవితో విన్నది నమ్మి ఒకసారి చెడ్డాను, నీకు తెలియనిదేముంది. ఉన్నదున్నట్టు కాగితం మీద రాసివ్వు. ఒక్క అక్షరం తేడా రాకూడదు. అది చూశాకే నీ పేరు మళ్ళీ ఎక్కేది."

భోజనాలయ్యాక రాస్తానని డాక్టరు నసిగాడు. నార్మన్ ఒప్పుకోలేదు. భోజనాలయ్యాక అందరూ ఫొటోకి ఇక్కడికే వస్తారని, ఆ ఖాళీ చూస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని అన్నాడు. నింపాదిగా రాయమని చెప్పి టీ తెస్తానంటూ వెళ్ళాడు.

డాక్టరు ఒక బెంచీ మీద కూలబడ్డాడు. పక్క గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. తెల్లజుట్టు పెద్దమనుషులు చిన్నప్పుడు తిన్న బెత్తం దెబ్బల్ని గోరంతలు కొండంతలు చేసి చెప్పుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన జడ్జీ, ఇంకొకాయన సగం దేశానికి వంతెనలు కట్టినవాడు. అందరికంటే పేరున్నవాడు మాత్రం గుండె డాక్టరు హాల్‌స్టెడ్. ఆయన కోటు జేబులో ఉపన్యాసం కాగితాలున్నాయి. 'ఈ బడి నాకు నిజాయితీ నేర్పింది' అన్నది అందులో మొదటి వాక్యం.

బయట కారుంది. ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళిపోవచ్చు. కానీ రేపు నార్మన్ నోరు విప్పితే? అదొక్కటే కాదు. ఇంతకాలం దాచి దాచి ఆయన అలిసిపోయాడు. వేల గుండెలు కోసి కుట్టిన చేత్తో పెన్సిలు పట్టుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు.

'నువ్వు జ్వరంతో పడుకున్నావు. పరీక్ష మర్నాడు పొద్దున్న తొమ్మిదికని నీకు చెప్పి రమ్మని ప్రింగిల్ మాస్టారు నన్ను పంపారు. మీ అమ్మ నాకు టీ ఇచ్చి, వెన్న రాసిన రొట్టె పెట్టింది. అది తింటూనే నీకు మధ్యాహ్నం రెండని చెప్పాను. తరవాత అందరితో తొమ్మిదనే చెప్పానని, జ్వరంలో నువ్వే తప్పు విన్నావని అన్నాను. నువ్వు రాసి ఉంటే ఆ స్కాలర్‌షిప్పు నీదే. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.'

కింద సంతకం పెట్టాడు. ఎన్నో ఏళ్ళ తరవాత గుండె మీంచి బరువు దిగినట్టనిపించింది.

నార్మన్ రెండు కప్పుల టీతో వచ్చాడు. ఒకటి డాక్టరుకిచ్చి, రెండోది బెంచీ మీద పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. వేలు పెట్టుకుంటూ మూడోసారి చదివాడు. బెంచీ మీది టీ చల్లారిపోయింది.

"అయితే ఆ రోజు నా చెవులు సరిగ్గానే విన్నాయన్నమాట," అన్నాడు చివరికి.

డాక్టరుకి అర్థం కాలేదు. "నీకు తెలుసుగా. తెలిసేగా నా పేరు చెరిపావు?"

నార్మన్ కాగితం నాలుగు మడతలు పెట్టాడు. బోర్డు వైపు తిరిగాడు.

"పరీక్షలకెళ్ళే పిల్లలు, నీ అంతవాళ్ళు కావాలని పోతూ పోతూ నీ పేరు ముట్టుకుంటారు. తడిమి తడిమి అక్షరాలు అరగ్గొట్టేశారు. నువ్వొచ్చేలోగా కొత్తగా రాద్దామని చెరిపాను. నేను రాసిమ్మన్నది నీ పేరు స్పెల్లింగు, హాల్‌స్టెడ్."