ముందున్న ముగ్గురు

“తొంభై ఏడేనా? మిగతా మూడు మార్కులు ఎక్కడ పోగొట్టావే?” అంది తల్లి. డ్యూటీ మధ్యలో బస్సు కండక్టరు యూనిఫాంతోనే బడికి పరుగెత్తుకొచ్చింది.

బడి కౌన్సిలర్ నవ్వాపుకుని తెలివితేటల పరీక్ష రిపోర్టు ఆమెవైపు తిప్పింది. “ఇవి మార్కులు కావమ్మా. ఈ వయసు పిల్లలు వందమందిలో మీ అమ్మాయి తొంభై ఏడుమందిని దాటేసింది. ముందున్నది మహా అయితే ముగ్గురు. తొంభై ఐదు దాటితే చాలు, ప్రత్యేక తరగతిలో సీటు ఖాయం.”

తల్లికి కాళ్లు నేలమీద నిలవలేదు. “వచ్చే ఏడు ఆ ముగ్గుర్నీ కూడా దాటించేస్తాను చూడండి.”

“వద్దమ్మా,” అంది ఎనిమిదేళ్ల కూతురు కంగారుగా. కౌన్సిలర్ వైపు తిరిగింది. “మేడమ్, ఆ ముగ్గురిలాంటివాళ్లు ఆ తరగతిలో ఉంటారా?”

“ఉంటారు.”

“నా లెక్కల పొడుపుకథలు వాళ్లకి అర్థమవుతాయా?”

“అర్థం కావడమేంటి, తిరిగి నీకే వేస్తారు.”

పిల్ల కుర్చీలోంచి దూకి గదంతా గంతులేసింది. ఇంట్లో అది గోడకి పొడుపుకథలు వేసి, జవాబులూ తనే చెప్పుకుంటుంటే, ఇన్నాళ్లూ ఆటే అనుకుంది తల్లి. జవాబిచ్చేవాళ్లు లేకేనని ఇప్పుడు తెలిసింది. కూతుర్ని పట్టుకుని తనూ ఓ గిరికీ కొట్టింది.

“దాటొద్దులేవే,” అంది నవ్వుతూ, ఆయాసపడుతూ. “వెళ్లి వాళ్ల పక్కనే కూర్చో.”