ఫెయిలైతే జీళ్లు

మొదటి రోజే పెద్దాయన వెల్లకిలా పడ్డాడు.

కుడికాలు ఎత్తి తన్నబోతే ఎడమకాలు మొరాయించింది. నరసన్నపేటలో రైస్‌మిల్లు వెనక, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లంలో జరిగే కరాటే క్లాసది. పిల్లలందరూ బిగుసుకుపోయారు.

పెద్దాయన పడుకునే నవ్వాడు.

“పడ్డం వచ్చీసింది మాస్టారూ. ఇంక లేవడం నేర్పండి.”

మాస్టారంటే రేఖ. ముప్పై దాటని మనిషి. చెయ్యి అందించి లేపింది గానీ, ఈ వయసులో ఈయనకిదేం సరదా అని లోపల విసుక్కుంది.

పేరు నరసింహం అని చెప్పాడు. ఒడిశా వైపు ఉద్యోగం చేసి, ఇప్పుడు చెల్లెలింట్లో ఉంటున్నాడట. ఎడమపక్క కొంచెం మొద్దుబారిందట. అంతకు మించి ఆయనా చెప్పలేదు, ఈమే అడగలేదు.

రేఖ దగ్గర బెల్టు రావడమంటే మాటలు కాదు. ఒంటికాలి మీద నిలబడి తన్నేటప్పుడు ఆ కాలు వణికిందా, బెల్టు లేదు. సాలూరులో ఉండే ఆమె గురువు జగన్నాధం పెట్టిన నియమమది. ఆయనకి వాళ్ల గురువు పెద్ద మాస్టారు నేర్పిందట.

ఆ పెద్ద మాస్టారిని రేఖ ఎన్నడూ చూడలేదు. పేరైనా తెలియదు. గురువు పేరు నోటితో పలకకూడదని జగన్నాధం పట్టింపు.

నియమం గొప్పదే. క్లాసే చిక్కిపోతోంది. బజార్లో కొత్తగా పెట్టిన క్లాసులో, పరీక్షకొచ్చిన ప్రతివాళ్లకీ బెల్టు కట్టి పంపుతున్నారు.

రమేష్‌బాబు తన కూతురు విశాలిని ముందు నిలబెట్టి మరీ అడిగేశాడు.

“మా పిల్లది ఇంకా తెల్ల బెల్టే. పక్కింటోళ్ల పిల్లకి అప్పుడే ఆకుపచ్చొచ్చీసింది. ఇలగైతే మేం అటెలిపోతాం.”

వెనకున్న తల్లిదండ్రులు తలలాడించారు. వాళ్లంతా వెళ్లిపోతే క్లాసు మూతే.

ఆ తర్వాత జరిగిన బెల్టు పరీక్షలో విశాలి కాలు వణికింది. పెద్దాయన ఏకంగా కూలబడ్డాడు. రేఖ ఇద్దరినీ ఫెయిల్ చేసింది. విశాలి ఏడుపు లంకించుకుంది.

పెద్దాయన సంచిలోంచి బెల్లం జీళ్ల పొట్లం తీసి అందరికీ పంచాడు.

“ఫెయిలైతే జీళ్లేటి తాతా?” అంది విశాలి ముక్కు తుడుచుకుంటూ.

“నిరుడు కుర్చీలోంచి లేవలేకపోయీవోణ్ణి. ఇప్పుడు నిలబడి పడ్డాను. పండగ కాదేటి?”

విశాలి ఫక్కున నవ్వింది. అప్పట్నుంచి క్లాసులో అదో ఆచారమైంది. ఎవరు ఫెయిలైనా జీళ్లు. పిల్లల ఏడుపులు తగ్గాయి. వాళ్ల పళ్ల గురించి తల్లుల ఏడుపులు మొదలయ్యాయి.

రేఖకి మాత్రం దిగులు తగ్గలేదు. తర్వాతి పరీక్ష ముందురోజు పెద్దాయన్ని పక్కకి పిలిచింది.

“బాబాయ్, రేపు అందరికీ బెల్టులు ఇచ్చీద్దారనుకుంతన్నాను. నీకూ కట్టీస్తాను. లేకపోతే క్లాసు నిలబడదు.”

ఆయన ముఖంలో నవ్వు మాయమవడం ఆమె అప్పుడే చూసింది.

“నాకొద్దమ్మా. నా ఎడంకాలు ఇంకా రాలేదు. అదొచ్చిన్రోజు కట్టు. అంతవరకూ నన్ను ఫెయిల్ చేస్తూనే ఉండు. ఊరికే కట్టవన్న నమ్మకం ఉండబట్టే రోజూ వస్తన్నాను.”

రేఖకి సిగ్గేసింది. సిగ్గు వెనకే ధైర్యమూ వచ్చింది.

మర్నాడు ఎవరి మీదా జాలిపడలేదు. రమేష్‌బాబు కోపంగా వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంటే విశాలి రానంది. తాత పాసయ్యేదాకా తను కదలదట. మిగతా పిల్లలూ అదే పాట అందుకున్నారు. చేసేదిలేక రమేష్‌బాబు కూడా ఓ జీడి తిని వెళ్లాడు.

పిల్లలు నవ్వుతూ పడుతున్నారు, నవ్వుతూ లేస్తున్నారు. గోడ మీంచి చూసినవాళ్లు తమ పిల్లల్ని తెచ్చి చేర్చారు. వచ్చే పరీక్షకి జగన్నాధాన్ని ముఖ్య అతిథిగా పిలిచేంత కళ వచ్చింది క్లాసుకి.

ఆరోజు సాలూరు బస్సు ఆలస్యమైంది. ఇక ఆగలేక రేఖ పరీక్ష మొదలెట్టేసింది.

విశాలి పాసైంది. అందరికన్నా ఆఖరున పెద్దాయన వచ్చాడు. కుడికాలు లేచింది. ఎడమకాలు నేలలో పాతినట్టు నిలబడింది.

కళ్లమంతా కేరింతలు. రేఖ ఆయన నడుముకి పసుపు బెల్టు కడుతూ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

“జీళ్లేవి తాతా?” అంది విశాలి.

“పాసైనోళ్లకి జీళ్లెందుకే?” అన్నాడాయన.

రేఖ రంగు బెల్టులు వచ్చినవాళ్లందరినీ ఒకరి వెనక ఒకర్ని వరసలో నిలబెట్టింది. పెద్ద బెల్టు ముందు, చిన్న బెల్టు వెనక. అందరికన్నా తర్వాత బెల్టు కట్టించుకున్న పెద్దాయనదే చివరి చోటు.

అప్పుడొచ్చాడు జగన్నాధం. నల్ల బెల్టు బస్సులోనే కట్టుకున్నట్టున్నాడు. పిల్లల భుజాలు తడుతూ వరస చివరిదాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. చేతిలో సంచి జారిపోయింది.

వెళ్లి పెద్దాయన వెనక, అందరికన్నా ఆఖరున నిలబడ్డాడు.

రేఖ కంగారుగా పరిగెత్తింది. “మాస్టారూ, మీ కుర్సీ అటున్నాది.”

“కదలకు జగ్గూ,” అన్నాడు పెద్దాయన వెనక్కి తిరక్కుండానే. “ఈ మాస్టారు గట్టిది. నన్నే వదల్లేదు.”

జగన్నాధం కళ్లు తుడుచుకున్నాడు.

“పక్షవాతమొచ్చిందని విని ఈయన్ని ఎక్కడెక్కడో ఎతికానమ్మా. కాలు వణికిందని నన్ను ఏడాదిపాటు తెల్ల బెల్టుతోనే నిలబెట్టిన మా పెద్ద మాస్టారు ఈయనే.”