రెండో రికార్డరు

"తప్పు ఊదేది నువ్వే హయాత్! వయసైపోయింది, ఒప్పుకో," అంటూ త్రినాథ్ ఫోను అతని చెవికి ఆనించాడు.

బ్యాండు త్రినాథ్‌ది. అందులో ట్రంపెట్లు రెండే. ఒకటి త్రినాథ్ ఊదుతాడు, ఒకటి హయాత్. సాయంత్రం చిలకలూరిపేటలో ఊరేగింపు ఉంది. షెడ్డులో రిహార్సల్‌కే అందరూ ఎర్ర కోట్లు తొడిగి వచ్చారు. ఫోనులో రికార్డు చేసిన పాట మాత్రం రేకుల మీద రాళ్లు పడ్డట్టుంది.

"ఈ గోలలో తప్పు నాదని నీకెట్లా తెలిసిందయ్యా? సరైన రికార్డరు తెప్పించు. తప్పిందెవరో వాళ్లు కోటు విప్పి పోవాలి."

"మాట మీదుంటావా?"

"నువ్వుంటావా?"

త్రినాథ్ నవ్వి షాపుకి ఫోన్ చేశాడు. హయాత్ ట్రంపెట్ చంకన పెట్టుకుని, పక్కనున్న పత్తి జిన్నింగు మిల్లు దగ్గరికి టీకి వెళ్లాడు.

అతను తిరిగొచ్చేసరికి షాపులో పనిచేసే శ్రీరమ్య రెండు రికార్డర్లు తెచ్చింది.

"ఇది జేబులో పడుతుందండి."

"జేబు సంగతి ఎందుకమ్మాయ్? డ్రమ్ము తట్టుకుంటుందా?" అన్నాడు హయాత్.

డ్రమ్ము కొట్టించి చూశారు. దెబ్బ పడ్డప్పుడల్లా రికార్డింగులో శబ్దం మునిగి తేలింది.

"చప్పుడు పెరిగితే ఇది తనే తగ్గించేస్తుందండి. మీటింగులకి బావుంటుంది."

"మాది మీటింగు కాదు. రెండోది పెట్టు."

రెండోదానికి తల మీద రెండు మైకులున్నాయి. శబ్దం మించితే వెలిగే ఎర్ర లైటు ఆరిపోయేదాకా శ్రీరమ్య లెవెలు తగ్గించి, దూరంగా స్టూలు మీద పెట్టింది. బ్యాండు మోగింది. షెడ్డు రేకులు అదిరాయి. హయాత్ బుగ్గలు పొంగాయి, మెడనరాలు తేలాయి.

తర్వాత విన్నారు. డ్రమ్ము వేరుగా, క్లారినెట్ వేరుగా, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పాట మధ్యలో శ్రీరమ్య తలెత్తింది.

"ఇక్కడ ట్రంపెట్ తప్పిందండి. అదిగో, మళ్లీ."

త్రినాథ్ తొడ చరిచాడు. "విన్నావా? పరాయి పిల్లకి కూడా తెలిసింది. విప్పు కోటు!"

ఇరవై ఏళ్లుగా హయాత్ పక్కన నడిచిన వాళ్లంతా నేల చూశారు.

హయాత్ గుండీల మీద చెయ్యి వేయలేదు. ట్రంపెట్ మౌత్‌పీస్ ఊడబీకాడు. గొట్టం మూతి దగ్గర గోళ్లతో పట్టి లాగాడు. జానెడు పొడుగున బిగించి కుక్కిన దూది బయటికొచ్చింది.

"నా ట్రంపెట్ అసలు పలకనే లేదు త్రినాథ్. విప్పు కోటు."