వదలని ఆ ఒకటి

పెళ్ళయి పంతొమ్మిది రోజులు. ఆయన కప్పులో మిగిల్చిన కాఫీ తాగడం కూడా నాకు సంబరమే. సవతి పోరు మాత్రం తప్పలేదు, ఆ సవతి కంప్యూటరే. కంప్యూటర్ లోపలి నెట్‌వర్క్ కోడ్‌లో తప్పులు వెతకడం ఆయన పని. ఆ రాత్రీ అదే.

"పడుకోరా? మిమ్మల్ని అంతలా పట్టుకుని వదలనిది ఎవరండీ?" అని దెప్పాను.

"నన్ను కాదు మహాతల్లీ, ఈ కనెక్షన్‌ని," అని నవ్వారు. "ఏ ప్రోగ్రామైనా దీన్ని వాడుకోవడానికి పట్టుకుంటే తెర మీద ఈ అంకె ఒకటి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. సున్నా అయితేనే దీనికి విడుదల. అన్నీ ఆపేశాను, కేబుల్ కూడా పీకేశాను. అయినా ఒకటి దగ్గరే ఉంది. ఎవరో పట్టుకుని, వదలకుండానే వెళ్ళిపోయారు."

నాకు ఉడుకుమోత్తనం వచ్చి, వెనక నుంచి ఆయన మెడ చుట్టూ చేతులు వేశాను. తెర మీద అంకె రెండయింది.

వదిలాను. ఒకటి. మళ్ళీ పట్టుకున్నాను. రెండు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. "చూశారా, నేనెవరో దీనికీ తెలుసు!"

ఆయన నవ్వలేదు. కంప్యూటర్ ఫ్యాన్ కూడా ఆగిపోయింది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అంకె ఒకటి దగ్గర నిలిచింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు.

"ఏమండీ, నాకంటే ముందు ఎవరు?"

ఆయన ఎడమ భుజం మీద చొక్కా, ఎవరో వేళ్ళు బిగించినట్టు, మెల్లగా ముడతలు పడింది.

నేను కుడి భుజం పట్టుకుని గట్టిగా నా వైపు లాగాను.

ఆయన ఎడమకి వాలారు.