ఒక్క ఆట ఆడనివ్వండి

పదకొండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నాలుగు నెలల చంటిది తను నిద్రపోదు, ఇంకొకరిని పోనివ్వదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పాలు తాగడం తగ్గించేసింది. డాక్టరు చెవులు, పొట్ట, గొంతు అన్నీ చూసి లోపమేమీ లేదన్నాడు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే మాత్రం ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నాడు. తల్లి ఉప్పు డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి దాని కోసం ఇల్లంతా వెతికింది. తండ్రి బడిలో డ్రాయింగ్ మాస్టారు. బోర్డు మీద ఏనుగును గీస్తూ తొండం దగ్గరికొచ్చేసరికి నిలబడే నిద్రపోయాడు.

అసలు సంగతి కనిపెట్టింది తల్లికి అక్క. వాళ్ల కిటికీ ఎదురుగా, రోడ్డు అవతల పార్కులో రెండు పికిల్‌బాల్ కోర్టులుండేవి. చెక్క బ్యాట్‌తో ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట. పొద్దున్న లేచింది మొదలు దీపాలు ఆర్పేదాకా టక్, టక్. ఎవరో ఫిర్యాదు చేశారని పదకొండు రోజుల క్రితం వాటికి తాళం పడింది.

"కడుపులో ఉన్నప్పట్నుంచీ దానికి అదే జోలపాట. అది ఆగిపోతే ఎలా పడుకుంటుంది?" అంది అక్క.

ఫోన్‌లో ఆ చప్పుడు వినిపించి చూశారు. చంటిది ఫోన్ వంక ఒక్కసారి చూసి రెండింతలు ఏడ్చింది. తండ్రి ఒక బ్యాట్ తెచ్చి బంతిని గోడకేసి కొట్టాడు. కింది వాటా ఆయన పైకొచ్చి, ఇక గోడకేసి కొట్టుకోవడానికి తన తలకాయే మిగిలిందని చెప్పి వెళ్లాడు.

అంటే నిజం కోర్టు కావాలి. నిజం మనుషులు ఆడాలి.

ఆదివారం పొద్దున్నే మాస్టారు ఊళ్లో అందరూ ఆ ఆట ఆడుకునే చోట్లన్నీ చీటీ మీద రాసి భార్య చేతిలో పెట్టాడు. ఇంత నిద్రమత్తులోనూ ఆయన అక్షరాలు ముత్యాలే. ప్రతి అక్షరం చివరా బట్టలు తగిలించుకోవచ్చనిపించే చిన్న కొక్కెం.

లైబ్రరీ వెనక కోర్టుకి తాళం. ఇళ్లకు వంద గజాల లోపు ఈ ఆట ఆడకూడదని గేటుకు బోర్డు. ఈతకొలను పక్కన వల కూడా పీకేశారు. అక్కడా అదే బోర్డు. బస్ డిపో దగ్గరైతే గీతల మీద నల్లరంగు పూసి వెళ్లారు, అది ఇంకా ఆరనే లేదు. తల్లి చీటీలో ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చింది. వెనక సీట్లో అక్క ఒళ్లో చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది.

స్టేడియంలో ఆట జరుగుతోంది గానీ సభ్యులకే ప్రవేశం. తల్లి వాచ్‌మన్‌ను బతిమాలింది. ఆడం, గోడ పక్కన కూర్చుంటాం, అంతే అంది. కుదరదన్నాడు. చంటిదాన్ని చూసి మాత్రం కాస్త మెత్తబడి సంగతి చెప్పాడు. ఎవరో ఒక్కడు ఒక్క పార్కు మీద ఫిర్యాదు చేశాడట. ఆఫీసువాళ్లు ఐదు నెలలు ఆ ఫైలు మీద కూర్చుని, లేచినవాళ్లు ఊరుకోకుండా ఊరంతటికీ రూలు పెట్టారట.

"వాడెవడో గానీ వాడి కంటి మీద కునుకు లేకుండా పోవాలి" అంది తల్లి, కారెక్కుతూ.

భర్త కారు స్టార్ట్ చేశాడు. పదకొండు రోజులుగా నిద్ర లేని మనిషికి ఎవరినైనా తిట్టే ఓపిక మాత్రం ఎక్కడిది?

చీటీలో ఇక ఒక్కటే మిగిలింది. ఊరి చివర, గోడౌన్ల మధ్య ఉన్న కోర్టు. చంటిది ఇప్పుడు ఏడవడం కూడా లేదు, వెక్కుతోంది. తల్లికి అదే ఎక్కువ భయమేసింది.

వాళ్లు వెళ్లేసరికి నలుగురు ఆటగాళ్లు సంచులు సర్దుకుంటున్నారు. అందరూ కెప్టెన్ అని పిలిచే పెద్దాయనకు మోకాలు పట్టేసింది. ముగ్గురితో ఆట సాగదట.

"ఒక్క ఆట ఆడనివ్వండి. నాలుగో మనిషి మా ఆయన" అంది తల్లి.

"ఆయనకి ఆడ్డం వచ్చా అమ్మా?"

"రాదు. మా పాప నిద్రపోవాలి."

కెప్టెన్ చంటిదాని ముఖం చూశాడు. ఇంకేమీ అడక్కుండా తన బ్యాట్ తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

టక్.

చంటిది వెక్కడం ఆపింది.

టక్, టక్. మాస్టారు సగం బంతులు వలకే కొడుతున్నాడు. అయినా పదో బంతికి చంటిదాని తల తల్లి భుజం మీద వాలిపోయింది. తల్లి చప్పుడు కాకుండా ఏడ్చింది.

కెప్టెన్ పక్కన కూర్చుని గుసగుసగా కష్టసుఖాలు మాట్లాడాడు. వాళ్లూ మొన్నమొన్నటిదాకా ఆ కిటికీ ఎదురు పార్కులో ఆడినవాళ్లేనట. ఆ ఫిర్యాదు చేసిందెవరో తెలుసా అని తల్లి అడిగింది. ఆఫీసు చుట్టూ తిరిగి కాపీ సంపాదించానని, పేరు మీద మాత్రం నల్లసిరా పూసి ఇచ్చారని చెప్పి, సంచిలోంచి ఒక మడత కాగితం తీసి అందించాడు.

కోర్టులో మాస్టారు ఇటు చూసి తేలికపాటి బంతిని వదిలేశాడు.

"ఆట మీద దృష్టి పెట్టండి మాస్టారూ, చప్పుడు ఆగితే పాప లేస్తుంది" అన్నాడు అవతలివాడు.

మాస్టారు మళ్లీ కొట్టాడు. టక్, టక్.

ఒక చేత్తో చంటిదాన్ని పట్టుకుని, చీటీ ఉన్న రెండో చేత్తో తల్లి ఆ కాగితం మడత విప్పింది. ఫిర్యాదుకు కారణం అన్న చోట, వచ్చే నెల మా ఇంట్లో పుట్టబోయే బిడ్డ హాయిగా నిద్రపోవాలని, చీటీ మీదున్న ఆ కొక్కేల అక్షరాలతోనే రాసి ఉంది.