ఉల్లితొక్కల సంచీ

“ఈ సంచీ నిండా తొక్కలున్నాయేంటి?” వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతున్న గుడ్డసంచీని తడిమి అడిగాడు ఆరోన్.

పొయ్యి దగ్గరున్న ఆశాజ్యోతి విసుగ్గా తిరిగింది. “ఎందుకుంటాయండీ? పోయిన ఈస్టర్‌కి అత్తయ్యగారే అన్నీ మరగబెట్టి గుడ్లకి రంగేశారుగా. ఆ వారమే పోయారు.”

ఆరోన్ సంచీ నోరు తెరిచి చూపించాడు. ఎర్రటి ఉల్లితొక్కలు పైకి పొంగాయి.

ఆమె మొహం పాలిపోయింది. “మీరు వేశారా?”

“నేను వంటింట్లోకి ఎప్పుడొచ్చాను?”

“నేనైతే దాని జోలికే పోలేదు. పెళ్లైన దగ్గర్నుంచీ అత్తయ్యగారిది ఒకటే సాధింపు, ‘తొక్కలు పారేయకమ్మాయ్, పండక్కి రంగెక్కడిది?’ అని. ఈసారి చర్చి పిల్లలకిచ్చే గుడ్లకి బజారు రంగే వేస్తాను. ఆ సంచీ అవతల పారేయండి, నాకు భయమేస్తోంది.”

పారేయడానికి చేతులు రాక ఆరోన్ దాన్ని మళ్లీ మేకుకే తగిలించాడు.

ఆశాజ్యోతి కూరకని ఉల్లిపాయ తీసుకుంది. నరసాపురం బజార్లో రంగుపొడి ఏ కొట్లో దొరుకుతుందో చెబుతూ తొక్క ఒలిచింది. మాట ఆపకుండా, వెనక్కి చూడకుండా, చెయ్యి చాపి ఆ తొక్కను సంచీలో వేసింది.

“ఆశా!” అన్నాడు ఆరోన్ మెల్లగా.

ఆమె మాట ఆగిపోయింది. చెయ్యి ఇంకా సంచీలోనే ఉంది. ఎండుతొక్కలు వేళ్ల కింద గలగలమన్నాయి.

సంచీని మేకు మీంచి తీసి పొయ్యి దగ్గర పెట్టింది.

“పెద్ద గిన్నె దించండి. ముందు తొక్కలు బాగా మరగాలి. ఇప్పుడే గుడ్లు వేస్తే అత్తయ్యగారు ఊరుకోరు.”