తలుపు తట్టినవాడు

"పోనీలేరా కర్టిస్," అంటూ మార్లీన్ కొడుకు ముందు 'ఆపిల్ పై' మిఠాయి ముక్క పెట్టింది. పేరు మోసిన యూనివర్సిటీలు మూడూ వాడికి సీటు లేదు పొమ్మన్నాయి. "మన స్టేట్ యూనివర్సిటీ ఎక్కడికీ పోలేదుగా. తలుపు తట్టినవాడికల్లా సీటిస్తారు. మీ నాన్నకే ఇచ్చారు."

కర్టిస్ తండ్రి రస్సెల్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ వింటున్న మాటే అది. అయినా ఫుట్‌బాల్ ఆట ఉన్న ప్రతి శనివారం ఆ యూనివర్సిటీ పాత స్వెటరే తొడుక్కుంటాడు.

ఇవాళ అది కర్టిస్ ఒంటి మీద ఉంది. మార్లీన్ అప్పుడే గమనించింది.

"ఇదేంట్రా? అక్కడ చదవాలనుందా నీకు?"

"చిన్నప్పటినుంచీ అక్కడే చదవాలనుకున్నానమ్మా. మిగతా వాటికి నీ కోసం దరఖాస్తు పెట్టాను."

"మరింకేం, అక్కడికే వెళ్ళు. నేనేమన్నా వద్దన్నానా?"

"మార్లీన్, ఇక ఊరుకో," అన్నాడు రస్సెల్. ఇన్నేళ్ళలో అతను ఆమెను ఊరుకోమనడం అదే మొదలు.

కర్టిస్ స్వెటర్ చేతులు వేళ్ళ మీదికి లాక్కున్నాడు.

"నేనూ తట్టానమ్మా," అన్నాడు. "తియ్యలేదు."